పద్దెనిమిది గంటలు గాల్లో, మిగతావన్నీ నేల మీద

2025 మార్చి 1, శనివారం. మహబూబాబాద్

మామునూరు విమానాశ్రయానికి కేంద్రం నిన్న అనుమతి ఇచ్చింది. పొద్దున పేపరు తీస్తే మొదటి పేజీ నిండా అదే వార్త. మధ్యాహ్నం దాకా ఫోన్లు మోగుతనే ఉన్నయి. భూపాలపల్లి నుంచి అక్క, జనగామ నుంచి తమ్ముడు, హనుమకొండ నుంచి పాత స్నేహితురాలు. అందరిదీ ఒకటే మాట: ఇగ విమానం మన దగ్గర్నే దిగుతదట.

మామునూరు కొత్తదేం కాదు. నిజాం కాలంలో, 1930లో తయారైన రన్‌వే అది. 1981 దాకా అక్కడ విమానాలు దిగినయి. తర్వాత గడ్డి మొలిచింది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు, దానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రావొద్దని ఒప్పందంలో షరతు పెట్టినరు. మామునూరు ఆ గిరి లోపలనే పడ్డది. ఇప్పుడు జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చింది కాబట్టి దారి దొరికింది. పాత స్థలం 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు కావాలె. ఆ భూమి కోసం రాష్ట్ర ప్రభుత్వం పోయిన నవంబరులనే 205 కోట్లు మంజూరు చేసింది. భూమి పోయే రైతులకు న్యాయమైన ధర అందాలె. నా సంతోషం వాళ్ల కన్నీళ్ల మీద నిలబడొద్దు.

మాపటికి అట్లాసు, స్కేలు ముందట పెట్టుకొని కూర్చున్న. మామునూరు నుంచి జనగామకు గీత గీస్తే దాదాపు 50 కిలోమీటర్లు. మహబూబాబాద్‌కు 55. భూపాలపల్లికి 63. మా ముగ్గురు తోబుట్టువుల ఇండ్ల నడుమ కొలిచి పెట్టినట్టే ఉన్నది. అదే శంషాబాద్ నుంచి భూపాలపల్లికి గీత గీస్తే 200 కిలోమీటర్లు, రోడ్డు మీద ఇంకో ముప్పై ఎక్కువ.

2025 మార్చి 4, మంగళవారం. మహబూబాబాద్

సాయంత్రం చదువుకోవడానికి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలు మామునూరు గురించే అడిగినరు. "టీచర్, అమెరికా ఎంత దూరం?" అని ఒకడు. అమెరికా అంటే ఒక ఊరు కాదు గదా, ఊరు చెప్పు అన్న. మా అక్క కొడుకు డాలస్‌ల ఉంటడని వాళ్లకు తెలుసు. "డాలసే చెప్పండి" అన్నరు.

బీరువా మీది గ్లోబు దించి దుమ్ము తుడిచిన. పన్నెండు అంగుళాల గ్లోబు, దాని మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 417 కిలోమీటర్లు. ముందు గోడ మీది పటంలో దారి చూపించుమన్న. వేలు హైదరాబాద్ నుంచి పడమరకు పోయింది: అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం, డాలస్. ఆ దారిన పోతే 17 వేల కిలోమీటర్లు దాటుతది.

తర్వాత గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం ఒత్తిపట్టి, రెండో కొస డాలస్ దగ్గర బిగించి లాగుమన్న. దారం తనంతట తాను జారి పైకి పోయింది. రష్యా మీదుగా మంచు సముద్రంలకు, అక్కడి నుంచి కెనడా మీద దిగి టెక్సాస్‌కు. ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గరగా పోతది ఆ గీత. దాని పొడుగు 14,400 కిలోమీటర్లు. పిల్లలు నోళ్లు తెరిచినరు. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గర సాగదీసినట్టయితది, అందుకే పటం మీద అడ్డంగా కనిపించేది దగ్గరి దారి కాదని చెప్పిన. భూమ్మీద ఏ రెండు ఊర్లైనా తీసుకో, నడుమ దూరం 20 వేల కిలోమీటర్లకు మించదు. చుట్టుకొలతల సగం అంతే గదా.

"మరి ఇంత పెద్ద దూరం ఆగకుంట పోతదా టీచర్?" పోతది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఆగకుండ పోయే విమానం ఉన్నది. హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా వాళ్లు షికాగోకు నేరుగా నడిపినరు, 13,300 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా దుబాయి, దోహా, అబుదాబి మీదుగనే పోతున్నరు. దుబాయి మీదుగ లెక్కేస్తే హైదరాబాద్ నుంచి అక్కడికి 2,550, అక్కడి నుంచి డాలస్‌కు 12,900. మొత్తం 15,450. నేరుగ పోయే దారి కంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. గల్ఫ్ ఊర్లు విమానాలకు ఇంత పెద్ద కూడళ్లు ఎందుకయినయో ఈ ఒక్క లెక్కతోనే పిల్లలకు తెలిసింది.

దారం కత్తిరించి కొలిచినరు. జానెడున్నర వచ్చింది. "మరి శంషాబాద్ నుంచి భూపాలపల్లి?" అని ఒక పిల్ల అడిగింది. అరసెంటీమీటరు. దారం పట్టుకోను కూడ రాలేదు.

2025 మార్చి 10, సోమవారం. మహబూబాబాద్

నిన్న అమెరికాల గడియారాలు గంట ముందుకు జరుపుకున్నరు. మనకు ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర అయినప్పుడు డాలస్‌ల రాత్రి రెండు. రెండు కొట్టంగనే మూడు అనుకోవాలె. నవంబరు మొదటి ఆదివారం దాకా ఇదే లెక్క. డాలస్‌కూ మనకూ నడుమ పదకొండున్నర గంటలు ఉండేది, ఇప్పుడు పదిన్నర.

ఈ గంట తేడా అక్క ఇంట్ల పెద్ద విషయం. కొడుకు రాత్రి అన్నం తిని ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తడు. చలికాలమంతా అది మనకు పొద్దున ఎనిమిది. ఇయ్యాల్టి నుంచి ఏడు. బావ ఏడింటికి ముందే మొఖం కడుక్కొని, చొక్కా తొడుక్కొని కూర్చుంటడు. సింగరేణి గనిల పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయన లెక్కలన్నీ షిఫ్టుల్లనే ఉంటయి. "మనకు నైట్ షిఫ్టు దిగే యాళ్లకు వాడు తిని కూసుంటడు చెల్లె" అంటడు. నాకు కూడి, తీసి లెక్క వేసుకోవాల్సి వస్తది గని, ఆయనకు ఆ అవసరం లేదు. కొడుకు ఏ షిఫ్టుల ఏం చేస్తుంటడో ఆయన మనసుల ఎప్పుడూ నడుస్తనే ఉంటది.

ఇయ్యాల ఫోన్‌ల బావ ఒక మంచి ప్రశ్న అడిగిండు. పోయేటప్పుడు గల్ఫ్ నుంచి డాలస్‌కు పదహారు గంటలు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర. అదే దారి, అదే విమానం, ఈ గంటన్నర ఎటు పోయింది? భూమి తిరుగుడు వల్లనా?

భూమి తిరుగుడు నేరుగా కాదని చెప్పిన. భూమితోపాటు గాలి కూడ తిరుగుతది, ఆ గాలిలనే విమానం ఉంటది. ఎగిరి ఆగితే ఊరే కిందికి వచ్చేటట్టుంటే మనం గంతేసినప్పుడల్లా పక్క మండలంల పడాలె. అసలు సంగతి పైన వీచే గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు గట్టి గాలి ప్రవాహాలు ఉంటయి, చలికాలంల ఇంకా గట్టిగ. జెట్ స్ట్రీమ్ అంటరు. అమెరికా నుంచి తూర్పుకు వచ్చేటప్పుడు ఆ గాలి వెనుక నుంచి నెడతది, పోయేటప్పుడు ఎదురు నిలబడతది. బావ కొద్దిసేపు ఆలోచించి, "అయితే ఇంటికొచ్చేటప్పుడే తొందరగొస్తడన్నట్టు" అన్నడు. ఆ మాటల ఎంత సంబురం ఉండెనో!

2025 మార్చి 20, గురువారం. భూపాలపల్లి

బావ పోయిండు. పొద్దుగాల ఐదింటికి. నిద్రలనే గుండె ఆగింది.

నాకు ఫోన్ వచ్చేసరికి ఐదుంబావు. ఇక్కడికి చేరేసరికి పది దాటింది. మహబూబాబాద్ నుంచి నర్సంపేట, అటు నుంచి పరకాల రోడ్డు పట్టుకొని వచ్చినం. ఒకే పాత వరంగల్ జిల్లాల ఒక కొస నుంచి ఇంకో కొసకు నేరుగ బస్సు దొరకదు, రైలు అసలే లేదు. రామగుండం–మణుగూరు రైలు మార్గం భూపాలపల్లి మీదుగ వస్తదని ఎన్నేండ్ల నుంచో వింటున్నం.

బావ పోయిన యాళ్లకు డాలస్‌ల బుధవారం సాయంత్రం ఆరున్నర. కొడుకు ఆఫీసు నుంచి ఇంటికి వస్తున్నడట. కారు పక్కకు ఆపుకొని విన్నడట. ఆ రాత్రి విమానాలల్ల సీటు దొరకలేదు. తెల్లారి మధ్యాహ్నం పన్నెండింటికి బయలుదేరే దాంట్ల దొరికింది. అంటే మనకు ఇయ్యాల రాత్రి పదిన్నర.

కోడలు వస్తలేదు. ఆమె వీసా స్టాంపు గడువు అయిపోయింది. ఉద్యోగానికి, అక్కడ ఉండడానికి కాగితాలన్నీ సక్రమంగనే ఉన్నయి గని, దేశం దాటి వస్తే మళ్ల కాన్సులేట్‌ల స్టాంపు పడేదాకా తిరిగిపోను రాదు. అది ఎన్ని నెలలు పడుతదో చెప్పేటోళ్లు లేరు. చిన్నపిల్లను పట్టుకొని ఆమె అక్కడ ఏడుస్తున్నది. వీడియోల మామను చూసింది. "అత్తమ్మా, నేను రాలేకపోతున్న" అని ఒక్క మాట అన్నది, తర్వాత మాట పెగల్లేదు.

పెద్దమనుషులు కూర్చొని మాట్లాడుకున్నరు. మా దిక్కు ఆచారం పొద్దు గుంకకముందే లేపుడు. తలకొరివికి ఒక్కడే కొడుకు. అక్కను అడిగినరు. "వాడు రావాలె" అన్నది. అంతే. ఫ్రీజర్ బాక్సు తెప్పించినరు. కరెంటు పోతే ఎట్లని పక్కింటి పిల్లలు జనరేటర్ కూడ తెచ్చి పెట్టినరు.

2025 మార్చి 21, శుక్రవారం, రాత్రి. భూపాలపల్లి

శవం లేచేదాకా ఇంట్ల పొయ్యి ముట్టించరు. వాడకట్టోళ్లు నిన్నటి నుంచి చాయ, అన్నం తెచ్చి పెడుతున్నరు. పాత గని దోస్తులు వంతులవారీగ వచ్చి కూర్చుంటున్నరు. రెండు రాత్రులు ఎవరూ ఇంటికి పోలేదు.

బాక్సు మీది అద్దం చల్లదనానికి చెమట పడుతది. అక్క కొంగుతోని తుడుస్తది. పావుగంటకు మళ్ల మసక. మళ్ల తుడుస్తది. ఎవరన్న తుడవబోతే చెయ్యి అడ్డం పెడుతది. ముప్పై ఐదేండ్లు ఆయన గని నుంచి వచ్చినప్పుడు ముఖం మీది బొగ్గు కడుక్కోవడానికి నీళ్లు తోడి పెట్టిన చెయ్యి అది.

నా చేతిల ఫోన్. విమానం ఎక్కడున్నదో చూపించే తెర. చిన్న పసుపుపచ్చ గుర్తు, దాని వెనుక గీత. తెల్లారుజామున అట్లాంటిక్ దాటింది, తర్వాత ఐరోపా, తర్వాత ఎడారి. ఎన్నో ఏండ్లు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పిన. ఒక మనిషి కోసం ఆ గీతను గంట గంటకు చూసింది మాత్రం ఇప్పుడే. ఇక్కడ కూర్చున్న ముసలోళ్లు కూడ అడుగుతున్నరు: "ఎందాక వచ్చిండు బిడ్డా?" చెప్తున్న. సముద్రం దాటిండు. అరబ్బు దేశం మీదున్నడు. దిగిండు. ఇంకో విమానం ఎక్కాలె.

మధ్యాహ్నం ఒంటిగంటకు గల్ఫ్‌ల దిగిండు. ఐదింటికి ఎక్కిండు. రాత్రి ఎనిమిదిన్నరకు శంషాబాద్. తొమ్మిది ముప్పావుకు కారెక్కిన్నని ఫోన్ చేసిండు. ఇప్పుడు పన్నెండు దాటింది. జనగామ దాటిండట.

2025 మార్చి 22, శనివారం. భూపాలపల్లి

రాత్రి రెండున్నరకు వచ్చిండు. తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నడు. పొద్దున తొమ్మిదింటికి లేపినం. కొడుకే తలకొరివి పెట్టిండు.

2025 మార్చి 24, సోమవారం. భూపాలపల్లి

పొద్దున కాళేశ్వరం పోయి అస్థికలు గోదారిల కలిపి వచ్చినం. ఎండ బాగున్నది. ప్రాణహిత కలిసే చోట నీళ్లు రెండు రంగులు కనిపిస్తయి.

మధ్యాహ్నం కొడుకు, నేను వరండల కూర్చొని గంటలు లెక్కపెట్టినం. వాడే అడిగిండు. "చిన్నమ్మా, నాకు ఎక్కడ ఆలస్యమైందో చెప్పు" అన్నడు. వాని మనసుల అది ముల్లు తీరుగ ఉన్నది. రాసి చూపించిన, ఇక్కడ కూడ రాసి పెడుతున్న.

కబురు తెలిసిన దగ్గర్నుంచి విమానం లేచేదాకా: పదిహేడున్నర గంటలు.
డాలస్ నుంచి గల్ఫ్: పద్నాలుగున్నర.
గల్ఫ్‌ల కాచుకున్నది: నాలుగు.
గల్ఫ్ నుంచి శంషాబాద్: మూడున్నర.
ఇమిగ్రేషన్, సామాను, బయటికి వచ్చుడు: గంటుంబావు.
శంషాబాద్ నుంచి భూపాలపల్లి: నాలుగు గంటల ముప్పావు.

మొత్తం నలభై ఐదున్నర గంటలు. అందుల గాల్లో ఉన్నది పద్దెనిమిదే. భూగోళం చుట్టుకొలతల మూడో వంతు కంటే ఎక్కువ దూరం ఆ పద్దెనిమిది గంటల్ల దాటిండు. మిగతా ఇరవై ఏడున్నర గంటలు సీటు కోసం, వరుసల్ల, రోడ్డు మీద పోయినయి. గ్లోబు మీద జానెడున్నర దారానికి పద్దెనిమిది గంటలైతే, దారం అందని ఆ అరసెంటీమీటరుకే దాదాపు ఐదు గంటలు.

వానికి చెప్పిన: నీ తప్పు ఒక్క గంట కూడ లేదు బిడ్డా. నువ్వు ఎంత తొందరగ రావొచ్చో అంత తొందరగ వచ్చినవ్. వాడు కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

నాకు మాత్రం ఇంకోటి తోచింది. గాల్లోని గంటలు మన చేతిల లేవు. గాలి వేగం, ఇంజను వేగం ఇప్పట్ల మారేటివి కావు. నేల మీది గంటలు మాత్రం మనిషి చేసినయే. మనిషి చేసినవి మనిషి తగ్గించొచ్చు.

2025 ఏప్రిల్ 6, ఆదివారం. జనగామ

శ్రీరామనవమి. తమ్ముని ఇంటికి వచ్చిన. స్టేషన్ నుంచి నడిచే దూరమే వాళ్ల ఇల్లు. గోల్కొండ ఎక్కితే మహబూబాబాద్ నుంచి నేరుగ దిగొచ్చు. ఈ ఊరు అదృష్టం చేసుకున్నది: రైలు ఉన్నది, 163వ జాతీయ రహదారి ఉన్నది, శంషాబాద్‌కు రెండు గంటల్ల పోవచ్చు.

తమ్ముని కొడుకు దుబాయిల మేస్త్రీ పని చేస్తడు. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల దారి. గడియారంల తేడా గంటన్నరే. వాని ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లోళ్లు లెక్కలు వెయ్యనక్కరలేదు. అక్కడ పొద్దు గుంకినంక కాసేపటికి వాడు రూములకు వచ్చి మాట్లాడుతడు.

బావ పోయిన రోజు వాడు రాలేదు. రాలేకపోయిండు. సెలవు రెండేండ్లకు ఒకసారి. నడుమల రావాలంటే కంపెనీ ఒప్పుకోవాలె, టికెట్ సొంత ఖర్చు, రాని రోజుల కూలి కోత. తిరిగి పోయేసరికి పని ఉంటదో లేదో భయం. మామ అంటే తండ్రి లెక్క వానికి, చిన్నప్పుడు సెలవులన్నీ భూపాలపల్లిలనే గడిచినయి. పధ్నాలుగు వేల కిలోమీటర్ల దూరం నుంచి ఒకడు వచ్చిండు. రెండున్నర వేల కిలోమీటర్ల దగ్గరున్నోడు రాలేదు.

మరదలు ఆ మాట ఎత్తి, "అందరూ ఏమనుకున్నరో వదినా" అన్నది. ఎవరూ ఏమనుకోలేదని చెప్పిన. నిజంగనే ఎవరూ అనుకోలేదు. మా మూడు జిల్లాలల్ల గల్ఫ్ పోయినోళ్లు ఉన్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. కాగితం మీద వాళ్ల దూరం నాలుగు గంటలు, సెలవు చీటిల రెండేండ్లు. డాలస్ కోడలుకు వీసా స్టాంపు అడ్డం పడ్డది, దుబాయి కొడుక్కు సెలవు అడ్డం పడ్డది. విమానం ఇద్దరిల ఎవరికీ అడ్డం రాలేదు.

అందుకే మామునూరు వస్తే అన్నీ తీరుతయని నేను అనుకోను. కూలి చేసుకునే పిల్లగాడు చావుకు బతుక్కు ఇంటికి వచ్చి పోయే హక్కు కూడ పనితోపాటు రావాలె. మన ప్రభుత్వాలు ఆ దేశాలతోని కూర్చున్నప్పుడు ఈ మాట మొదట ఎత్తాలె.

2025 ఏప్రిల్ 26, శనివారం. మహబూబాబాద్

పహల్గాంల జరిగిన ఉగ్రదాడి ఘోరం తర్వాత పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా, ఐరోపా పోయే మన విమానాలు చుట్టు తిరుగుతున్నయి. కొన్ని నడుమల ఇంధనం కోసం ఐరోపాల దిగుతున్నయి. అంటే దూరం అనేది భూమి గుండ్రనం ఒక్కటే నిర్ణయించదు. ఆకాశంల కూడ గెట్లు ఉన్నయి.

సాయంత్రం పిల్లలకు ఇదే పాఠం చెప్పిన. ఒకడు లేచి, "మరి మన కేసముద్రంల పట్టాలు కొట్టుకపోయినప్పుడు కూడ అంతే గదా టీచర్" అన్నడు. బాగ పట్టుకున్నడు. పోయిన సెప్టెంబరు 1న వానకు ఇంటికన్నె, కేసముద్రం నడుమ కట్ట కొట్టుకపోయి పట్టాలు గాలిల వేలాడినయి. రైళ్లు ఎక్కడివక్కడ ఆగినయి. రోడ్లు కూడ తెగినయి. ఆ రోజు దుబాయి నుంచి హైదరాబాద్‌కు మనిషి నాలుగు గంటల్ల వచ్చేవాడు, హైదరాబాద్ నుంచి మన మహబూబాబాద్‌కు రాలేకపోయేవాడు. రాత్రింబగళ్లు వానల, బురదల నిలబడి మళ్ల పట్టాలు వేసిన కార్మికులను పిల్లలకు గుర్తు చేసిన. దూరం తగ్గించేది విమానం నడిపేటోళ్లు ఒక్కరే కాదు.

2025 మే 18, ఆదివారం. కాళేశ్వరం

సరస్వతీ పుష్కరాలు. అక్కను తీసుకొని వచ్చిన. మార్చిల మేము వచ్చినప్పుడు నిశ్శబ్దంగ ఉన్న ఒడ్డు ఇప్పుడు జనంతోని నిండిపోయింది. అక్క నీళ్లల నిలబడి చాలాసేపు కండ్లు మూసుకున్నది. బయటికి వచ్చినంక ముఖం కొంచెం తేటగ కనిపించింది.

నేను బస్సులను చూసిన. ప్రత్యేక బస్సులు, ఒకదాని వెనుక ఒకటి. ఏ ఊరి బోర్డు కావాలంటే ఆ ఊరిది. దారి పొడుగునా తాగే నీళ్లు, దీపాలు, పోలీసులు, వైద్య శిబిరాలు. డ్రైవర్లు, కండక్టర్లు కునుకు లేకుండ పనిచేస్తున్నరు. చేయాలనుకుంటే ఈ అడవి దారిల ఎంత పని చేయొచ్చో కండ్ల ముందట కనిపించింది.

పన్నెండు రోజుల పండుగకు చేయగలిగింది ఏడాది పొడుగునా ఒక్క బస్సుకు ఎందుకు చేయలేం? భూపాలపల్లి నుంచి విమానాశ్రయానికి పోవాలంటే మాకు తెలిసిన దారి: హనుమకొండ, అక్కడి నుంచి ఉప్పల్, ఉప్పల్‌ల దిగి సామాను మోసుకొని మళ్ల పుష్పక్ బస్సు. లేకుంటే కిరాయి కారు. గల్ఫ్ నుంచి వచ్చే కూలి మనిషికి ఆ కిరాయి ఎన్ని రోజుల కష్టమో!

2025 మే 29, గురువారం. మహబూబాబాద్

రెండు పనులు పూర్తి చేసిన.

మొదటిది, ఇండ్ల కోసం. ఒక కాగితం తయారు చేసి మా మూడు ఇండ్లల్ల, విదేశాలల్ల పిల్లలున్న తెలిసినోళ్ల ఇండ్లల్ల ఇచ్చిన. అందుల రాసినవి ఇవి: పిల్లల పాస్‌పోర్టు గడువు తేదీ, వీసా స్టాంపు గడువు తేదీ, రెండూ తీరకముందే అడగాలె. అక్కడ రాత్రి ఎన్నింటికి ఫోన్ చేసినా ఎత్తే ఒక దోస్తు నంబరు. ఆపదల టికెట్‌కు పక్కన పెట్టుకునే డబ్బు. రాత్రిపూట నమ్మకంగ శంషాబాద్ పోయి వచ్చే డ్రైవర్ నంబరు. ఎండాకాలం, చలికాలం గడియారం తేడా. ఎవరు రాలేకపోతే ఎవరు తలకొరివి పెట్టాలె, ఎంతసేపు ఆగాలె అన్నది బతికున్నప్పుడే పెద్దోళ్లు చెప్పి పెట్టాలె. ఈ ఆఖరిది రాయడానికి చెయ్యి ఆగింది. రాసిన. అక్క చదివి, "ఇది ముందే ఉంటే నాకు ఆ రెండు రాత్రులు కొంచెం ధైర్యం ఉండు" అన్నది.

రెండోది, ఊర్ల కోసం. ఆర్టీసీ అధికారులకు, మా మూడు జిల్లాల ప్రజాప్రతినిధులకు ఒక వినతిపత్రం. భూపాలపల్లి నుంచి పరకాల, హనుమకొండ, జనగామ మీదుగ శంషాబాద్‌కు నేరుగ ఒక బస్సు. మహబూబాబాద్ నుంచి ఇంకోటి. గల్ఫ్, అమెరికా విమానాలు దిగే, లేచే వేళలను చూసి వాటి టైము పెట్టాలె, రాత్రి రెండింటికైనా సరే. మామునూరుల విమానం దిగే రోజు వచ్చినప్పుడు అదే బస్సులు అటు మళ్లించాలె. మూడు ఊర్లూ దానికి 65 కిలోమీటర్ల లోపలనే ఉన్నయని పటం గీసి జత చేసిన. సంతకాలకు పోతే ఎవరూ కాదనలేదు. గని కార్మికులు, టీచర్లు, బీడీలు చుట్టే ఆడోళ్లు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన పిల్లలు, అందరూ పెట్టినరు. సంతకం రానోళ్లు వేలిముద్ర వేసినరు.

రన్‌వే పొడుగు పెంచడానికి ఏండ్లు పట్టొచ్చు. ఆ లోపల కూడ పిల్లలు వస్తుంటరు, పోతుంటరు, ఇండ్లల్ల చావులు, పుట్టుకలు ఆగవు. ఒక బస్సుకు రన్‌వే అవసరం లేదు. ఉన్న రోడ్డు, ఉన్న డిపో, ఒక టైము పట్టిక చాలు. రేపు పది గంటలకు భూపాలపల్లి డిపోకు పోతున్నం. అక్క కూడ వస్తానన్నది.